పెళ్లి పళ్లెం మీద సుత్తి

"ఇదేంటి బాబాయ్? నా అల్లుడి బొమ్మ దగ్గర సుత్తి ఎందుకుంది?"

ఫిలిబెర్త్ అరుపుకి కొట్లో పింగాణీ గిన్నెలన్నీ గణగణమన్నాయి. ఆవిడ కూతురు సోలాంజ్ తల వంచుకుని నిలబడింది.

ఆనవాయితీగా పెళ్లి పళ్లెం మీద ఉండాల్సింది పెళ్లికొడుకు లోరాన్ పేరు, ఆ పేరుగల పునీతుడు, ఆయన్ని కాల్చి చంపిన ఇనప పెనం. ఉన్నదేమో కమ్మరుల పునీతుడు, సుత్తి, కింద నీలం అక్షరాల్లో ఎల్వా పేరు. ఎల్వా రేవు దగ్గర కమ్మరి, సోలాంజ్ మనసుపడ్డవాడు. లోరాన్‌ది సోలాంజ్ మేనమామ కుదిర్చిన సంబంధం. మేనమామ మాటకి అమ్మ ఏనాడూ ఎదురు చెప్పలేదు. అందుకే కొట్లో ఇమ్మని అమ్మ పంపిన పేర్ల చీటీని సోలాంజ్ దారిలోనే మార్చేసింది. బొమ్మలు వేసే ముసలి తూసాన్ అది చదివి, ఉన్నదున్నట్టు వేసేశాడు.

"కళ్లు ఆనక పొరపడ్డానమ్మా," అన్నాడు తూసాన్. ఆ మాట అంటూనే ఒక కప్పు అంచున వెంట్రుకంత సన్నగీత గీశాడు.

"తుడిచెయ్యి!"

"బట్టీలో కాలిన రంగు పోతుందా తల్లీ?"

"అయితే ఇంకోటి వెయ్యి!"

"మళ్లీ బట్టీ వెలిగించేది వచ్చే నెల. మీ ఇంట పెళ్లి మంగళవారం. బుధవారం నుంచి ఉపవాసాలు. ఈస్టర్ దాకా చర్చిలో పెళ్లిళ్లుండవు."

అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడ్డ సారా పీపాల వ్యాపారి లోరాన్ ముందుకొచ్చాడు. "పళ్లెం లేకపోతే ఏమైందండీ? అది లేకుండానే కానిద్దాం."

"పళ్లెం లేని పెళ్లా? మా ఇంటా వంటా లేదు! నాది పాతికేళ్లుగా పొయ్యి పైన వేలాడుతోంది. ఇక దీన్నే వేలాడదీస్తే, మీరు భోంచేస్తుంటే గోడ మీంచి ఈ ఎల్వా రోజూ మీ కంచంలోకే చూస్తుంటాడు!"

లోరాన్ మొహం కందగడ్డయింది. అమ్మ ఎందుకిలా ఆజ్యం పోస్తోందో సోలాంజ్‌కి అర్థం కాలేదు.

"పైగా పోయిన ఆదివారం నుంచీ దీన్ని కిటికీలో పెట్టాడీయన. పూజ నుంచి వస్తూ ఊరంతా చదివారు. ఎంత నవ్వుకున్నారో ఏమిటో!"

"అయితే ఆ సుత్తిగాడికే ఇచ్చుకోండి మీ పిల్లని!" లోరాన్ టోపీ నెత్తిన కొట్టుకుని, తలుపు ధడాలున వేసి వెళ్లిపోయాడు.

సోలాంజ్ బావురుమంది. నిజంగానే వచ్చాయి కన్నీళ్లు, సంతోషం పట్టలేక.

"ఏడ్చింది చాలు," అంది ఫిలిబెర్త్. "ఇంత గోలయ్యాక నిన్నింకెవడు చేసుకుంటాడు? ఆ ఎల్వానే పిలుచుకురా. ఈస్టర్ వెళ్లగానే పెళ్లి. మీ మామయ్యకి నేను చెప్పుకుంటాను."

సోలాంజ్ పరుగు తీసింది. గుమ్మం దాటగానే కర్రచెప్పు జారిపోతే తీసుకోడానికి వంగింది. లోపలి నుంచి అమ్మ గుసగుస వినిపించింది.

"ముసలాడివైపోయావు బాబాయ్! పాతికేళ్ల కింద మా నాన్న తెచ్చిన సంబంధం చెడగొట్టడానికి, వాడి పేరు బదులు నా పళ్లెం మీద మా ఆయన పేరు రాసిన రోజున ఇంతకంటే బాగా అబద్ధమాడావు!"