హన్మయ్య మొక్కు

“బట్టల క్లిప్పులు, గుండీలు, కంది గింజలు... మేడం, మా నాయినకు అరవై రెండేండ్లు. అంగన్‌వాడీల చేర్పిస్తరా ఏంది?”

మంచం మీద సంతోషి పరిచిన సరంజామా చూసి దశరథ్ నవ్వాపుకోలేకపోయాడు. సంతోషి కూడా నవ్వింది. నారాయణఖేడ్‌లో ఏ గడప తొక్కినా ఆమెకు ఇదే స్వాగతం.

“నేను ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ను. పక్షవాతం వచ్చినోళ్లు తమ పనులు తామే చేసుకునేటట్టు చూసుడు నా పని.”

“నడిపిచ్చేటోళ్లే కదా! మా నాయిన నడుస్తనే ఉన్నడు. పొద్దుగాల చేనుకు వోయి వస్తుండు.”

“నడక చూసేది ఫిజియోథెరపిస్ట్. నా పని వేరే.”

“అన్నీ ఒకటే తియ్యిండ్రి. పెద్ద డాక్టరే రాసిచ్చిండు, కాలు మంచిగుంది, చెయ్యి మంచిగుంది అని. గీ థెరపీలు అక్కెర లేదన్నడు. రెండు వేళ్లిచ్చి పట్టుకొమ్మంటే మా నాయిన పట్టిన పట్టుకు డాక్టరే ‘ఇడువు పెద్దమనిషీ’ అన్నడు.”

“పట్టుకునుడు వేరే, ఆ చెయ్యితోని పని చేసుకునుడు వేరే. ఒక్క పూట ఆయన దగ్గర కూసుండి చూస్తా.”

“అవసరం లేదు బిడ్డా!” వంటింట్లోంచే కేకేసింది కిష్టవ్వ. “సంచి సదురుకో.”

తల్లి అంత కటువుగా మాట్లాడటం దశరథ్‌కు నచ్చలేదు. కానీ ఆ పూట అతని పరేషాన్ వేరు. నాగల్‌గిద్ద నుంచి చిన్నాయన బస్వరాజ్ వస్తున్నాడు.

పోయిన నెల బస్వరాజ్ మనవడికి తొట్టెల వేడుక చేశారు. దశరథ్ తండ్రి హన్మయ్య వెళ్లి పిల్లాణ్ని దీవించి, విస్తరి ముందు కూర్చోకుండానే తిరిగొచ్చాడు. పక్షవాతంతో దవాఖానలో పడి, బతికి వచ్చినందుకు అమ్మవారికి మొక్కుకున్నాడట. ఏడాదిపాటు ఒంటిపూట తిండి, అదీ తలుపు మూసుకుని. కన్నకొడుకు కూడా చూడకూడదు. దశరథ్ నమ్మాడు. బస్వరాజ్ నమ్మలేదు. ఎప్పుడో సద్దుమణిగిన పొలం గట్టు తగాదాను అన్న ఇంకా కడుపులోనే పెట్టుకున్నాడని అతని అనుమానం. అది చిలికి చిలికి గాలివానై, ఇప్పుడు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“అన్నా, నీ మరదలు పోలెలు చేసి పంపింది.” బస్వరాజ్ బొబ్బట్లున్న స్టీలు డబ్బా ముందుకు చాపాడు. “నా ముందట తిను.”

హన్మయ్య తల వంచుకున్నాడు. “మొక్కురా తమ్మీ. లోపలికి వోయి తింట.”

“ఏం మొక్కు? గట్టు కాడి పగ! నా ఇంటి బుక్క నీకు చేదయింది. ఇయ్యాల నా ముందట తినకుంటే, నేను సచ్చినా నువ్వు నా గడప తొక్కద్దు.”

“ఆయనకు కోపం కాదేమో...” సంతోషి మెల్లగా అంది.

“నువ్వెవరమ్మా, అన్నదమ్ముల నడుమ?”

“ఎక్సర్‌సైజు మేడం, చిన్నాయినా,” అన్నాడు దశరథ్.

తండ్రి పోయాక తమ్ముణ్ని భుజాన మోసి పెంచినవాడు హన్మయ్య. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. డబ్బా చంకలో పెట్టుకుని లోపలి గదిలోకి వెళ్లాడు. నీళ్ల చెంబుతో కిష్టవ్వ వెనకే వెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

“కుక్కకేస్తడు, నాకెరుకనే.” బస్వరాజ్ చెప్పులు తొడుక్కున్నాడు. “ఇగ మీకూ నాకూ తెగింది.”

తోడబుట్టినవాళ్లు లేని దశరథ్‌కు అయినవాళ్లంటే ఆ ఇల్లొక్కటే. పరుగున వెళ్లి చిన్నాయన చెయ్యి పట్టుకున్నాడు.

“ఆగు చిన్నాయినా! తింటుండో లేదో నీ కండ్లతోని చూసుకో. మొక్కు చెడితే ఆ పాపం నాకే తగలనీ.”

మనసులోనే అమ్మవారికి దండం పెట్టుకుని తలుపు తోశాడు.

లోపల హన్మయ్య కుడి పిడికిట్లో ఒక పోలె నోటిదాకా పోకుండానే నలిగిపోయి ఉంది. కిష్టవ్వ ఇంకోటి తుంచి, పసిపిల్లాడికి తినిపించినట్టు, భర్త నోట్లో పెడుతోంది.