ఎదుటి పక్షం

“పొట్ట చేత పట్టుకొని వచ్చి మా పనులన్నీ లాక్కున్నారు! మీ ఊళ్ళకు మీరు పోండి!” హన్నా గొంతు మగగొంతులా లావు చేసి, కన్నడంలో అరిచి బల్ల మీద చరిచింది.

ఆమె భర్త పౌలు నోరు తెరిచాడు. “అయ్యా, పీణ్య ఫ్యాక్టరీల్లో మేము కూడా...”

“నన్ను మాట్లాడనీ!”

“ఇంతసేపూ నువ్వే కదా మాట్లాడింది!”

“టీవీలో అంతేనప్పా. అరిచినోడిదే గెలుపు. జనం దాన్ని చూసే ఎస్సెమ్మెస్‌లు కొడతారు,” అని హన్నా నవ్వింది.

మర్నాడు ఒక కన్నడ ఛానల్లో వలసల మీద చర్చ ఉంది. బయటి ఊళ్ళ కార్మికుల తరఫున పౌలును పిలిచారు. అతనికి అలవాటు కావాలని హన్నా ఎదుటి నాయకుడి వేషం కట్టింది.

“పోండి! రేపే ఇల్లు ఖాళీ చేయండి!” మళ్ళీ అరిచింది.

తలుపు ధడాలున తెరుచుకుంది. ఇంటి యజమానురాలు నింగమ్మ గరిటెతో లోపలికి వచ్చింది.

“ఎవడప్పా వాడు? నా ఇంట్లో ఉండేవాళ్ళని పొమ్మనేదానికి వాడెవడు?” తనకొచ్చిన తెలుగులో అడుగుతూ గదంతా వెతికింది. “నా కాలు విరిగినప్పుడు చూసుకున్నది ఈ హన్నానే. వీళ్ళు మావాళ్ళు!”

హన్నా నవ్వబోయి ఆగిపోయింది. ఈ ఊళ్ళో ఆ మాట ఆమె అంతవరకు ఎవరి నోటా వినలేదు.

పౌలు అసలు సంగతి చెప్పాడు. నింగమ్మ గరిటె దించింది గానీ కోపం దించలేదు. అతణ్ణి లేపి ఆ కుర్చీలో తను కూర్చుంది.

“ఇంకోసారి అరవు హన్నా. ఈసారి జవాబు నేను చెప్తా.”