పట్టుచీరలో ఛాంపియన్

రిథమిక్ జిమ్నాస్టిక్స్‌లో కజకిస్తాన్ నుంచి కంచు పతకం తెచ్చిన సుగన్యకు రాజపాళయం బస్టాండు దగ్గర ఘనమైన ఫ్లెక్స్ వెలిసింది. అందులో తల ఆమెది, పట్టుచీర కట్టిన ఒళ్ళు ఎవరిదో. పక్కనే చేతులు జోడించిన మేనమామ జగదీశన్, ఆమెకు రెట్టింపు సైజులో.

సుగన్య మామను అక్కడికే లాక్కొచ్చింది. "నా ఒళ్ళెక్కడ మామా?"

"ఆ కురచ బట్టల్లో కాళ్ళు కనబడతాయి పాపా. సొంతక్కారులు, మన చుట్టాలంతా ఏమనుకొంటారు? అందుకే తల మాత్రం పెట్టినాం."

"పతకం తెచ్చినవి ఆ కాళ్ళే! తల ఊరికే వెంట వచ్చింది."

మామ నవ్వాడు. సుగన్య చెప్పులు విడిచి, ఫ్లెక్స్‌కు ఆనుకుని, ఒక కాలిని నిట్టనిలువుగా ఎత్తింది. టౌన్‌బస్సు ఆగిపోయింది.

ఆమె పాదం సరిగ్గా ఫ్లెక్స్‌లోని జోడించిన చేతుల ఎదుటికి వచ్చింది. మామ దణ్ణం ఎవరికో ఊరికి అప్పుడు అర్థమైంది.

"ఇప్పుడు సరిపోయింది. ఫోటో తీయి మామా."