సర్వర్‌కు పెట్టిన బొట్టు

ఆయుధపూజ మర్నాడు పొద్దున్నే కనకరత్నమ్మ కోడలు వసుంధరను గుర్తుపట్టలేదు. "ఎవరమ్మా నువ్వు? మా శ్రీహరితో పనిచేస్తావా?" అంది మర్యాదగా.

వసుంధర ఆమె చెవి వంక చూసింది. మతిమరుపు వచ్చిన పెద్దవాళ్లందరికీ లాగే అత్తగారి జ్ఞాపకాలన్నీ ఇంట్లో సర్వర్‌లోనే ఉంటాయి. ఎవరెవరో, ఏం జరిగిందో ఆమె చెవిలో పెట్టిన గింజంత పరికరం దాన్నే అడిగి చెబుతుంది. ఈవేళ సర్వర్ పలకడం లేదు.

వసుంధర చెవిగింజ మార్చింది. రూటర్ ఆపి మళ్లీ వేసింది. ఇంట్లో మిగతావన్నీ పనిచేస్తున్నాయి. సర్వర్ మీదా పచ్చదీపం వెలుగుతూనే ఉంది.

"మావాడు అన్నానికొచ్చే వేళయింది," అంటూ కనకరత్నమ్మ కొడుకు కంచం కడిగి బల్ల మీద పెట్టింది. వసుంధర భర్త శ్రీహరి చనిపోయిన దగ్గర్నుంచీ అత్తగారి ముఖం అంత తేటగా ఉండగా ఆమె చూడలేదు.

సర్వర్ వెనక నెట్‌వర్క్ వైరు పీకి చూస్తే, అది దూరే చోట పసుపు ఎండి గడ్డకట్టింది. నిన్న పూజలో సర్వర్‌కు పసుపు రాసి బొట్టు పెట్టింది తనే. పాత బ్రష్షుతో గీకి శుభ్రం చేసింది.

వైరు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. వంటింట్లో అత్తగారు కూనిరాగం తీస్తోంది. కానీ ముక్కూమొహం తెలియని మనిషి ఇస్తే ఆవిడ మందు మింగదు. పొద్దుటి గుండె మాత్ర ఇంకా అలాగే ఉంది.

వసుంధర వైరు పెట్టింది. కూనిరాగం ఆగిపోయింది.

ఆమె వంటింట్లోకి వెళ్లేసరికి కనకరత్నమ్మ ఆ కంచాన్ని తుడిచి పై అరలో బోర్లిస్తోంది.

"మాత్ర ఇలా ఇవ్వు, వసుంధరా," అంది వెనక్కి తిరగకుండానే.