నెత్తిన చెయ్యి

"అదిగో, మళ్ళీ పెట్టింది!"

కళ్ళజోళ్ళ షాపాయన పళ్ళు పటపటా కొరికాడు. నది నురగల్లోంచి చిన్న ఎర్ర పడవ ఒకటి బయటపడింది. అందులో ఇరుక్కుని కూర్చున్న ఆయన భార్య తెడ్డు ఒక చేతిలోకి మార్చుకుని, గట్టు వైపు చూసి, రెండో చెయ్యి హెల్మెట్ మీద పెట్టుకుంది.

ఆయన గిరుక్కున వెనక్కి తిరిగాడు. అనుకున్నంతా అయింది. వెనక బండరాయి మీద కొంగ కూడా నెత్తిన చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

కొంగ అనేది ఆయన పెట్టిన పేరే. పడవ నడపడం నేర్పే మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు, పొద్దస్తమానం నీళ్ళ ఒడ్డునే ఉంటాడు. ఎవరైనా మునిగితే విసరడానికి భుజాన తాడు వేసుకుని ఎప్పుడూ ఆయన వెనకే నిలబడతాడు.

"చూశావా?" అన్నాడాయన, వ్యాన్ తలుపు దగ్గర టీ తాగుతున్న బావమరిదితో. "మీ అక్క సైగ చేసింది. వాడూ చేశాడు."

"నెత్తి దురదేమో బావా."

"హెల్మెట్ మీంచి గోక్కుంటారా ఎవరైనా?"

బావమరిది నవ్వాపుకోలేక టీ మీద పోసుకున్నాడు. పడవల్ని వ్యాన్ మీద కట్టి తేవడం అతని పని. బావగారి గోల వినడం దానికి కొసరు.

వానలు వెలిసి నది నిండుగా పారేది ఈ చలికాలంలోనే. మందుల షాపులో పనిచేసే ఆయన భార్య ముందు ఈత కొలనులో, పడవ తిరగబడితే నడుం విసురుతో మళ్ళీ పైకి లేవడం నేర్చుకుంది. తర్వాత నదికి వచ్చింది. మొదటి రోజు కొంగ అందరి ఇంటివాళ్ళనీ గట్టు మీద పోగేసి ఏవేవో చెప్పాడు. ఈయనగారు మాత్రం వ్యాన్‌లో హీటర్ ముందు కూర్చున్నాడు. ఆ గొంతు వింటేనే ఆయనకి ఒళ్ళు మండుతుంది మరి.

ఆ మంట ఊరికే పుట్టలేదు. ఒకరోజు పొద్దున్నే భార్య ఫోన్‌లో కొంగ పంపిన మెసేజ్ కనబడింది. 'స్కర్ట్ మర్చిపోకండి. నిన్నటిది నడుం దగ్గర వదులుగా ఉంది.'

ఇల్లు పీకి పందిరేశాడు. ఆవిడ లోపలికెళ్ళి దళసరి నల్ల రబ్బరు గుడ్డొకటి తెచ్చి ఆయన ఒళ్ళో పడేసింది.

"ఇదండీ స్కర్ట్! నడుముకి కట్టుకుని పడవ నోరు మూసేది. వదులైతే నీళ్ళొస్తాయి."

రబ్బరు గుడ్డని చూశాక కూడా ఆయన కడుపుమంట చల్లారలేదు.

"మంచుగాలికి మీ ఆయాసం ఎక్కువవుతుంది. మీరు రాకండి, ఇంట్లో వెచ్చగా ఉండండి" అందావిడ. తనని అడ్డు తప్పించడానికే ఈ వంక అనుకున్నాడు. చెవులకి మఫ్లర్ చుట్టి, జేబులో ఇన్‌హేలర్ పెట్టుకుని ప్రతి ఆదివారం వచ్చి కాపలా కాశాడు.

కొంగ ఒకసారి మర్యాదగానే అడిగాడు. "మీరూ ఒక చెయ్యి వెయ్యండి సార్. పాపం, ఆవిడ..."

"నీ పడవలు మొయ్యడానికి రాలేదు నేను!" అని కసిరాడు. కొంగ మళ్ళీ నోరెత్తలేదు.

తిరుగు ప్రయాణంలో ఆవిడ జుట్టు తుడుచుకుంటూ అడిగేది.

"నన్ను చూశారా?"

"చూశాను."

"చూసి?"

"చూసి ఏం చెయ్యాలంట?"

ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చునేది.

ఇవాళ సీజన్‌కి ఆఖరి రోజు. ఇంటికెళ్ళగానే 'నదా, నేనా? తేల్చుకో' అని అడిగేద్దామని ఆయన నిర్ణయించుకున్నాడు.

"నువ్వేదో దాస్తున్నావు" అంటూ వెళ్ళి బావమరిది భుజం పట్టుకున్నాడాయన. "ఆ సైగకి అర్థమేంటి?"

"అరవనంటే చెప్తా. మొదటి రోజు చెప్పారు, నేను సగమే విన్నాను. నెత్తిన చెయ్యి పెడితే 'నేను బాగున్నాను, నువ్వు బాగున్నావా' అని అడిగినట్టు. అవతలివాళ్ళు బాగుంటే వాళ్ళూ పెట్టాలి."

ఆయన ముఖం జేవురించింది. "పెళ్ళయి ఇన్నేళ్ళయింది. నన్నెప్పుడైనా అడిగిందా, బాగున్నారా అని?"

అంతలో ఎర్ర పడవ ఆఖరి జలపాతం దగ్గరికి వచ్చింది. రెండు రాళ్ళ మధ్య నీళ్ళు ఇంటి గోడంత ఎత్తు నుంచి పడుతున్నాయి. పడవ దూకింది, తిరగబడింది. ఎర్రటి అడుగు భాగం ఒక్కటే పైకి తేలింది.

"అమ్మో!" ఆయన నీళ్ళ వైపు పరిగెత్తాడు. దగ్గు తెర కమ్మేసింది. కొంగ తాడు చేతిలోకి తీసుకున్నాడు.

నీళ్ళలోంచి తెడ్డు లేచింది, వెనకే ఆవిడ. రాయి చాటున నిలకడ నీళ్ళలోకి పడవ తిప్పుకుని, ముఖం తుడుచుకోకుండానే గట్టు వైపు చూసింది. నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

బతికిందన్న సంతోషం ఆయనకి క్షణమైనా నిలవలేదు. ఒక్క ఉదుటున బండ ఎక్కి కొంగ చేతులు రెండూ పట్టేసుకున్నాడు.

"ఇవాళ ఎత్తావంటే చూడు!"

"వదలండి సార్! జవాబు రాకపోతే ఆవిడ కంగారు పడుతుంది."

"పడనీ!"

నదిలో ఆవిడ చెయ్యి దించలేదు. చూసింది, చూసింది. ఇక ఆగలేక తెడ్డు అందుకుని, ఎదురు నీటిలో ప్రాణం పెట్టి గట్టు వైపు తొయ్యడం మొదలుపెట్టింది.

"చూడు, ఎలా వస్తోందో!" ఆయన దగ్గుతూనే అరిచాడు. "కట్టుకున్నవాణ్ణి ఇక్కడే చచ్చానుగా! బాగున్నావా అని నిన్నెందుకు అడగాలి?"

కొంగ తెల్లబోయి ఆయన ముఖంలోకి చూశాడు.

"మీరు పెట్టరని మీ బదులు నేను పెడుతున్నానంతే. ఆవిడ అడిగేది నన్ను కాదు సార్, మిమ్మల్ని."