ఐదింటికీ ఒకే బటన్

"ఏనుగంతా దూరింది గానీ తోక దగ్గర ఇరుక్కుందండీ," అన్నాడు ఐటీ హెడ్, ఫిర్యాదు కాగితం బల్లమీద పెడుతూ.

ఆ ఆస్పత్రిలో హాజరుకు ఒక సిస్టమ్, రోగుల రికార్డులకు ఒకటి, ల్యాబుకు, మందులకు, స్కానింగుకు ఒక్కొక్కటి. నెలకోసారి ఐదింట్లోనూ పాస్‌వర్డ్ మార్చాలి. నర్సులు అరచేతుల్లో రాసుకుని తిరిగేవాళ్లు. ఆ అవస్థ చూడలేక, అందరూ తాళాలాయన అని పిలిచే నెట్‌వర్క్ ఇంజినీరు రెండేళ్లు కూర్చుని కంప్యూటర్లో ఒక తెర తయారుచేశాడు. కొత్త పాస్‌వర్డ్ ఒక్కసారి కొట్టి బటన్ నొక్కితే ఐదింట్లోనూ మారిపోతుంది. తప్పు కొడితే కసురుకోదు, ఎక్కడ తప్పిందో నెమ్మదిగా చెబుతుంది.

నాలుగు వందల మందికి హాయిగా ఉంది. ఒక్క ల్యాబ్ ఇన్‌చార్జి మాత్రం తనకు పనిచేయడం లేదని నెలనెలా మూడంతస్తులెక్కి వస్తుంది.

"ఏడు నెలలైంది. సోమవారానికి తేల్చకపోతే మీ తెర తీసేసి బయటి కంపెనీది పెట్టేస్తారు," అన్నాడు హెడ్.

తాళాలాయన చూస్తున్నానన్నాడు. ఏడు నెలలుగా అదే మాట.

మధ్యాహ్నం ఆవిడ వచ్చింది. కూర్చుంటూనే, "భోంచేశారా?" అంది. భార్య పోయాక ఆ మాట అడిగే మనిషి ఆయనకు నెలకు ఒక్కరే. ఒక్కో సిస్టమూ తెరిచి ఇచ్చాడు. ఆవిడ పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడల్లా మర్యాదగా కిటికీవైపు తిరిగాడు. ఒంటివేలి టకటకలు ఐదుసార్లు విన్నాడు. ఐదు మరీ చిన్న అంకె అనిపించింది.

పనయిపోయినా ఆవిడ లేవలేదు. తన మూలంగా ఆయన తెర తీసేస్తారని పొద్దున్నే తెలిసిందట.

"మీ తెరలో ఏ లోపమూ లేదండీ. హెడ్‌గారికి ఇప్పుడే చెప్పి వచ్చాను."

"ఏమని?"

"ఆ బటన్ నేను ఒక్కసారి కూడా నొక్కలేదని." ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "నొక్కితే ఇక్కడికి రావడానికి నాకు వంకేదీ? ఇంటికెళ్తే గోడలతోనే కబుర్లు. నా స్వార్థం కోసం మీచేత ఏడు నెలలు చీవాట్లు తినిపించాను. ఇంక నొక్కేస్తాలెండి."

మెట్లెక్కడం ఆవిడకు కష్టం కనుక రేపటినుంచి భోజనం వేళకు తానే కిందికి వస్తానన్నాడు ఆయన.

"క్యారేజీ తెచ్చుకోండి మరి. నా వంట నాకే నచ్చదు," అని నవ్వి వెళ్లింది ఆవిడ.

అడుగుల చప్పుడు కింది అంతస్తు చేరేదాకా ఆగి, బటన్ ఎవరు ఎప్పుడు నొక్కారో తెర తనంతట తానే రాసుకునే జాబితాను ఆయన తెరిచాడు.

అందులో ఆవిడ పేరు లేదని మొదటి నెలలోనే ఆయనకు తెలుసు.