పొగగూటి కాపలా

రేపు పొద్దున ఎనిమిదింటికి రెజ్ వచ్చి పొగగూట్లోని కన్నం మూసేస్తాడు. ఈలోగా ఏదో ఒకటి చెయ్యాలి. హారియెట్ కాలుగాలిన పిల్లిలా వంటగదికీ ముందుగదికీ మధ్య తిరుగుతోంది. ఆరో నెల. డాక్టరు పడుకోమంది. మనసు పడుకోనిస్తే కదా!

గొడవంతా మూడు వారాల క్రితం మొదలైంది. వాళ్లది నాలుగు వందల ఏళ్ల ఇల్లు. ఇంగ్లండులోని ఆ సఫొక్‌ ప్రాంతంలో ఆ వయసు ఇళ్లు ఊరికి పది ఉంటాయి, ఒక్కటీ నిటారుగా నిలబడదు. దూలాలు వంకర, నేల ఏటవాలు. మేకు కొట్టాలన్నా కౌన్సిల్ అనుమతి కావాలి. అయినా హారియెట్‌కు ఆ ఇల్లంటే ప్రాణం. భర్త బార్నబీకీ అంతే, దూలానికి తల కొట్టుకున్న రోజుల్లో తప్ప.

పొగగూడు పగుళ్లిచ్చిందని సున్నం పని చేసే రెజ్‌ను పిలిచారు. అతను నాలుగు ఇటుకలు తీసేసరికి లోపలి అరలో తోలు జోడు ఒకటి దొరికింది. జత లేదు, ఒక్కటే. ఎవరో పసిబిడ్డది. ఎండి నల్లబడింది. బొటనవేలి దగ్గర అరిగి ఉంది.

డెబ్బై ఏళ్ల రెజ్ టోపీ తీసేశాడు.

"ఎక్కడిదక్కడ పెట్టెయ్ బాబూ. పాతకాలం వాళ్లు ఇంటికి పెట్టిన కాపలా అది. పొగగూట్లోంచి దిగే చెడును పట్టి ఆపుతుంది."

"గోడను ఆపేది నీ సున్నం, రెజ్. జోడు కాదు," అని బార్నబీ పకపకా నవ్వాడు. అతను బడిలో ఫిజిక్స్ చెప్తాడు. మర్నాడే జోడును మ్యూజియానికి ఇచ్చి, ఫొటో కూడా దిగి వచ్చాడు.

ఆ వారంలోనే హారియెట్‌కు రక్తం కనిపించింది.

ఇదివరకు ఇప్స్‌విచ్ ఫ్లాట్లో ఉండగా రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈ ఇంటికి వచ్చాకే ఇది నిలిచింది. రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచుకుని, బిడ్డకేం ఫర్వాలేదని పంపించారు. కానీ ఆమెకు ఆ రోజు నుంచి కంటి మీద కునుకు లేదు. ఈ బిడ్డ కూడా పోతుందేమోనని భయం.

"ఆ జోడు తెచ్చెయ్, బార్నబీ."

"దానికీ దీనికీ ఏం సంబంధం?"

"నాకు తెలీదు. తెచ్చెయ్."

"బళ్లో పిల్లలకు కారణం లేకుండా కార్యం లేదని చెప్తాను. ఇంటికొచ్చి జోడుకు దండం పెట్టమంటావా? విన్నవాళ్లు నవ్విపోతారు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. అతనితో వాదించడం కంటే ఆ వంకర దూలాలను సరిచెయ్యడం తేలిక.

దీనికి తోడు పికిల్ గోల. పికిల్ వాళ్ల కుక్క. దాని పాపాల చిట్టాలో అప్పటికే హారియెట్ చేతి తొడుగులు, టీవీ రిమోటు, పక్కింటావిడ గొడుగు ఉన్నాయి. ఆమె ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడు బార్నబీ తోటపని బూటు కూడా చేరింది. "నమిలేసి ఎక్కడ పాతిపెట్టావురా, దొంగా!" అని అతను వీధి చివరికి వినిపించేలా అరిచాడు. పికిల్ బల్ల కిందికి దూరింది. సాయంత్రం అతనే కసాయి కొట్టు నుంచి దానికి ఇంత పొడుగు ఎముక తెచ్చాడు. ఆ కుక్క మీద అతని కోపం గంటసేపు కూడా నిలవదు.

హారియెట్ మ్యూజియానికి తనే ఫోన్ చేసింది.

"పురుగు చావడానికి ఫ్రీజరులో పెట్టామండీ," అంది అక్కడి ఆవిడ. "తర్వాత మరమ్మతుకు పంపుతాం. ఆరు నెలలకు తక్కువ పట్టదు. ఇలా వెనక్కి అడిగేవాళ్లు చాలామందే ఉంటారు, మీరేం సిగ్గుపడకండి."

ఆరు నెలలు! ఫోన్ పెట్టేసి హారియెట్ ఏడ్చేసింది.

ఇవాళ మధ్యాహ్నం రెజ్ సున్నం బస్తాలు దింపుకోవడానికి వచ్చాడు. ఆమె ఉబ్బిన కళ్లు చూశాడు.

"పాతది లేకపోతే ఇంకోటి పెట్టు తల్లీ. కొత్తది మాత్రం పనికిరాదు. ఈ ఇంట్లో తిరిగిన కాలిది అయ్యుండాలి."

"బార్నబీకి తెలిస్తే ఏడాదంతా ఎగతాళి చేస్తాడు."

"రేపు ఎనిమిదిన్నరకల్లా మూసేస్తాను. ఆ తర్వాత ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు రెజ్.

నాలుగింటికి బార్నబీ పికిల్‌ను తీసుకుని షికారుకు వెళ్లాడు. తలుపు చప్పుడు వినగానే హారియెట్ బీరువా అడుగు నుంచి నీలం జోళ్లు తీసింది. ఈ ఇల్లు చూడ్డానికి మొదటిసారి వచ్చిన రోజు వేసుకున్నవి. ఒకటి చేతిలో పట్టుకుంది. ఇంత చదువుకుని ఏం చేస్తున్నానా అని ఒక్క క్షణం తన మీద తనకే నవ్వొచ్చింది. రెండో క్షణం లోపల బిడ్డ కదిలింది. నవ్వు ఆగిపోయింది.

పొగగూటి కింద చలిమంట వేసే పొయ్యిలో మనిషి నిలబడొచ్చు. తల వంచి లోపలికి వెళ్లి, కన్నంలోకి చెయ్యి పెట్టి జోడును తోసింది. సగం వెళ్లి ఆగిపోయింది. మళ్లీ తోసింది. వెనకాల ఏదో అడ్డముంది. రెజ్ మర్చిపోయిన ఇటుక ముక్క కాబోలనుకుని, మోచేతి దాకా మసి చేసుకుంటూ దాన్ని బయటికి లాగింది.

కిటికీ దగ్గరికి తెచ్చి చూస్తే, పికిల్ నమిలేసిందని బార్నబీ వీధంతా చాటిన ఎడమ కాలి బూటు అది, ఒక్క పంటి గాటు కూడా లేకుండా.